దారి ఒకరిది, దారం ఇంకొకరిది

1836 అక్టోబరు. చెన్నపట్నం.

సముద్రం మీద మబ్బు కమ్ముకుంది. గాలిలో తడి. ఈశాన్య వానలు ఇవాళో రేపో దిగేలా ఉన్నాయి. ఇంతలో ఊళ్లో ఒక కబురు పాకింది. ఏనుగుల వీరాస్వామయ్య గారు ఇక లేరు.

సుప్రీంకోర్టు మెట్లెక్కిన ప్రతివాడికీ తెలిసిన పేరది. ఇంగ్లీషు జడ్జీకీ, తెలుగు తమిళ కక్షిదారులకీ నడుమ నిలబడి, ఒకరి మాట ఇంకొకరికి తప్పు పోకుండా అందించిన ఇంటర్‌ప్రిటర్. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, సొంత చదువుతో పైకొచ్చిన మనిషి. ఆ గొంతు ఆగిపోయింది. కానీ కూవం ఒడ్డున కోమలేశ్వరపురంలో, స్నేహితుడు శ్రీనివాస పిళ్లె దగ్గర, ఆ గొంతు ఇంకా మాట్లాడుతూనే ఉంది. కాగితాల మీద.

ఉత్తరాలు. ఒకటీ అరా కాదు, కాశీదాకా వెళ్లి తిరిగొచ్చిన యాత్ర మొత్తం. చేత్తో రాసినవి. చెన్నపట్నం వానాకాలంలో చేతిరాత ఎన్నాళ్లు బతుకుతుందో పిళ్లెకి తెలుసు. తడికి సిరా పాకుతుంది. మడతల దగ్గర కాగితం పిగులుతుంది. చెద ఒక్క రాత్రిలో పెట్టె అడుగుదాకా వెళ్తుంది. రాసినాయన మళ్లీ రాసివ్వలేరు. ఇప్పుడు ఆ కట్ట ఏమవుతుందన్నది ఒక్క మనిషి చేతిలో ఉంది.

ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి.

1830 మే 18. మంగళవారం రాత్రి. మండు వేసవి. పగలు నేల మీద కాలు పెట్టేట్టు లేదు, బోయీలు పల్లకీ ఎత్తేది చీకటి పడ్డాకే. దివిటీల వెలుగులో సామాను ఎత్తుతున్నారు. డేరాలు, వంట పాత్రలు, కావళ్లు. కుటుంబం, నౌకర్లు, బోయీలు కలిపి వందమందికి దగ్గర పరివారం. రైలు లేదు. రోడ్డు సగం దూరం రోడ్డే కాదు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని జనం అనుకునే కాలం. శ్రీనివాస పిళ్లె అడిగింది ఒక్కటే: దారిలో చూసిందంతా రాసి పంపాలని. వీరాస్వామయ్య గారు మాటిచ్చారు. ఆ మాట నిలబడాలంటే ముందు మనిషి బతికి ఉండాలి.

తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం దాటి, నైజాం రాజ్యంలో హైదరాబాదు చూసి, నిర్మల్ దారిలో గోదావరిని దాటి, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగ చేరి, కాశీలో మునిగి, గయలో పిండాలు పెట్టి, పాట్నా, కలకత్తా చూసుకుని, పూరీ జగన్నాథుడికి మొక్కి, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం మీదుగా కోస్తా వెంట దిగివస్తూ, ప్రతి మజిలీలో అలసిన బోయీలు ఒకపక్క నడుం వాల్చాక ఇంకోపక్క ఆయన మాత్రం కలం పట్టుకునేవారు. రాయని ఊరు లేదు.

ఏం రాశారు? ఆ రాత తీరు చూడాలి. ఈ ఊరికీ ఆ ఊరికీ దూరమెంత. మధ్యలో ఏరుందా, వాగుందా. దాటడానికి పడవ దొరుకుతుందా. దిగడానికి చోటుందా. అంగళ్లున్నాయా, వాటిలో సరుకు దొరుకుతుందా, నీళ్లు మంచివా. ఊరు ఎవరి ఏలుబడిలో ఉంది, జనం ఎలా బతుకుతున్నారు. దేవుడి గురించి భక్తితో రాసిన చేత్తోనే సుంకాల గురించీ, దొంగల భయం గురించీ, బియ్యం సంగతీ రాశారు. వెనక వచ్చే బాటసారికి పనికిరావాలన్న తపన ప్రతి మజిలీలోనూ కనిపిస్తుంది. భాష కూడా అలాంటిదే. పండితులు మెచ్చే గ్రాంథికం కాదు. ఉర్దూ, ఇంగ్లీషు, తమిళం మాటలు కలగలిసిన, చెన్నపట్నం తెలుగు కుటుంబాలు మాట్లాడుకునే తెలుగు. ఆ భాషే రేపు పెద్ద చిక్కు తెచ్చిపెట్టేలా ఉంది.

పటం ముందు పెట్టుకుని ఆయన దారి మీద వేలు పోనిస్తే ఒక విషయం తెలుస్తుంది. ఆయన ఒక పెద్ద చుట్టు తిరిగారు. వెళ్లేటప్పుడు గోదావరిని ఎగువన దాటారు. వచ్చేటప్పుడు దిగువన దాటారు. ఈ రెండు రేవుల నడుమ నది దట్టమైన అడవిలోంచి పారుతుంది. ఒక ఒడ్డు వెనక ఖమ్మం సీమ. ఇంకో ఒడ్డున భద్రాద్రి. కిందికి వస్తే పాపికొండలు. కోయలు, కొండరెడ్లు పోడు కొట్టుకుని బతికే నేల. ఆయన చుట్టిన సున్నాలో ఆ అడవి నడిమధ్యన ఉండిపోయింది. దాని కథ రాసేవాడు రావడానికి ఇంకా నూట పదేళ్లు పట్టింది.

1831 సెప్టెంబరు 3. పరివారం చెన్నపట్నం చేరింది. పదిహేను నెలల పైమాట. వీరాస్వామయ్య గారు బతికే వచ్చారు. ఉత్తరాలూ చేరాయి. కానీ పుస్తకం రాలేదు. అచ్చువేయడమంటే ఆ రోజుల్లో జేబులో డబ్బుంటే అయ్యే పని కాదు. అచ్చుయంత్రాల మీద ఈస్టిండియా కుంపిణీ కన్ను గట్టిగా ఉండేది. 1835లో తాత్కాలిక గవర్నర్ జనరల్ మెట్కాఫ్ ఆ కట్టు సడలించాడు. సెప్టెంబరు 15 నుంచి కొత్త చట్టం. అచ్చువేసేవాడు తన పేరు, తన అచ్చుకూటం ఎక్కడుందో చెప్పి ప్రకటన ఇస్తే చాలు. తలుపు తెరుచుకుంది. ఏడాది తిరిగేసరికి రాసినాయన పోయారు.

ఇప్పుడు శ్రీనివాస పిళ్లె ఒంటరి.

ఉత్తరం వేరు, పుస్తకం వేరు. ఉత్తరం ఒకరి కోసం రాసింది. అందులో ఇద్దరికే తెలిసిన మాటలుంటాయి. పుస్తకం ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతుల్లోకి వెళ్తుంది. తేదీల వరస పెట్టాలి. ఎవరీ వీరాస్వామయ్య అని అడిగే పాఠకుడికి జవాబు ఉండాలి. ఇక భాష. అచ్చుకెక్కిన తెలుగంటే వ్యాకరణం ఒప్పుకున్న తెలుగన్న రోజుల్లో, పల్లకీలో పుట్టిన ఈ వాడుక తెలుగుని పండితుడి చేతికిచ్చి దిద్దించాలా? దిద్దిస్తే మెచ్చుకునేవాళ్లు చాలామంది. దిద్దిస్తే పోయేది ఒక్కటే, ఆ గొంతు.

గొంతు నిలిచింది. అచ్చులో ఈ రోజుకీ ఆయన మాట్లాడుతున్నట్టే వినిపిస్తుంది. ఇక మిగిలింది ఇనుము, సీసం, కాగితం, దారం.

ఆనాటి అచ్చుగది ఎలా ఉంటుంది? లోపల అడుగు పెడితే ముందు వాసన తగులుతుంది. అవిసె నూనె, మసి కలిపిన సిరా. తడి కాగితం. చెమట. కిటికీ పక్కన కేసులు, కేసు నిండా గళ్లు, గడి గడిలో సీసపు అక్షరాలు. ఇంగ్లీషుకి ఇరవయ్యారు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ. తెలుగుకి అలా సరిపోదు. గుణింతాలున్నాయి. ఒత్తులున్నాయి. వందల అచ్చులు కావాలి. కంపోజిటర్ ఎడమ చేతిలో స్టిక్కు, కుడి చేత్తో గడి వెతకడం. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఒక్క ఒత్తు జారితే మాట మారిపోతుంది. ఊరి పేర్లయితే మరీ కష్టం. కడప తెలుగువాడికి తెలుసు. జబల్పూరు దగ్గర పల్లె పేరు ఎవరికి తెలుసు? తప్పు పడితే పట్టుకోవలసిన మనిషి లేరు.

కాగితాన్ని ముందే తడిపి ఉంచుతారు. ఆరిన కాగితం సిరాని సరిగ్గా పట్టదు. ఒకడు అచ్చు మీద సిరా రాస్తాడు. ఇంకొకడు కాగితం పరిచి, బల్లని లోపలికి తోసి, పిడి పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగుతాడు. ఇనుము మూలుగుతుంది. పైకెత్తితే ఒక వైపు అచ్చయింది. ఆ కాగితాలన్నీ మళ్లీ రెండో వైపుకి రావాలి. ఆ తర్వాత తాళ్ల మీద ఆరేస్తారు. బయట వాన పట్టిందంటే ఆరవు. ఆరనిదే మడవకూడదు. మడిస్తే ఎదుటి పేజీకి సిరా అంటుకుంటుంది. వానాకాలం చెన్నపట్నంలో పుస్తకానికి అసలు గండం అచ్చులో కాదు, ఆ తాళ్ల మీద ఉంది.

ఆరాయి. ఇప్పుడు మడత. అచ్చయిన పెద్ద కాగితాన్ని పరిచి చూస్తే పేజీలు చిందరవందరగా ఉన్నట్టుంటాయి. పదహారు పేజీల ఫారంలో ఒకటో పేజీ పక్కన పదహారు. ఎనిమిది పక్కన తొమ్మిది. కొన్ని తలకిందులు. కొత్తవాడు చూస్తే మతి పోతుంది. మూడు మడతలు పడేసరికి ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు, అన్నీ వరసలోకి వస్తాయి. ఆ లెక్క ముందే వేసినవాడు పుస్తకాన్ని కళ్లు మూసుకుని చూడగలిగినవాడు. ఫారాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఒక్క ఫారం తారుమారైతే శ్రీశైలం తర్వాత కాశీ వస్తుంది.

ఆపైన బైండరు.

నిలువు చట్రానికి తాళ్లు బిగించి ఉంటాయి. వాటికి ఆనించి మొదటి ఫారం పెడతాడు. మడత మధ్యలోంచి సూది లోపలికి, తాడు చుట్టూ తిప్పి బయటికి, మళ్లీ లోపలికి. చివర కింది ఫారంతో ముడి. దాని మీద రెండోది. మైనం రుద్దిన దారం బిర్రుగా లాగాలి, కాగితం కోసుకుపోకుండా లాగాలి. ఈ రెండిటి మధ్య ఎంత బలం పెట్టాలన్నది వేళ్లకి తెలుస్తుంది, నోటితో చెబితే రాదు. అన్నీ కుట్టాక వీపుకి జిగురు పూసి, సుత్తితో మెల్లగా తట్టి గుండ్రం చేస్తాడు. అట్టలకి తాళ్ల కొసలు దూర్చి, పైన తోలు లాగి అతికి, బరువు కింద పెడతాడు. ఇక ఓపిక పట్టాలి. తొందరపడి తీస్తే అట్ట వంకర పోతుంది, ఆ వంకర జన్మలో పోదు.

1838. కాశీయాత్ర చరిత్ర బయటికొచ్చింది. రాసినాయన పోయిన రెండేళ్లకి. స్నేహితుడి జీవిత విశేషాలు కూడా పిళ్లె అందులో చేర్చారు. పేరు అట్ట మీద వీరాస్వామయ్య గారిది. దారి ఆయనది. దాన్ని కుట్టించిన చెయ్యి పిళ్లెది. తెలుగులో మొదటి గొప్ప యాత్రాగ్రంథంగా దాన్ని చెప్పుకోవడం తర్వాతి సంగతి. ముందు అది బతకాలి.

1869లో రెండోసారి అచ్చయింది. ఆ తర్వాత నిశ్శబ్దం. రైళ్లు వచ్చాయి. కాశీ కొద్ది రోజుల దూరమైంది. పల్లకీ మజిలీల లెక్క ఎవరికి కావాలి? పాత ప్రతులు పెట్టెల్లో పసుపెక్కాయి. తోలు పొడిబారి రాలింది. దారం తెగింది. ఇంకొక్క తరం గడిస్తే పేరు మాత్రమే మిగిలేది.

1941. బెజవాడ. యుద్ధకాలం. పేపర్ల నిండా బాంబులు, ఓడలు, కరువు వార్తలు. అలాంటి రోజుల్లో దిగవల్లి వేంకట శివరావు గారనే వకీలు ఆ పాత పుస్తకం ముందేసుకుని కూచున్నారు. కోర్టు కాగితాలు చదివిన కళ్లకి అందులో కాశీ ఒక్కటే కనబడలేదు. కుంపిణీ రాజ్యం మొదటి రోజుల్లో మన జనం ఎలా ఉన్నారో చెప్పే సాక్ష్యం కనబడింది. ఎవరీ జమీందారు, ఏమిటీ సుంకం, ఈ ఊరు అప్పుడు ఎవరిది, అని ఆరా తీసి, పొడవైన పీఠిక రాసి, వివరాలు చేర్చి, మూడోసారి అచ్చుకెక్కించారు. నూట మూడేళ్ల తర్వాత పాత ఫారాలకి కొత్త దారం.

సరిగ్గా అదే ఏడాది, గోదావరి మీద, వీరాస్వామయ్య గారు చుట్టి వెళ్లిన ఆ అడవిలో ఇంకొక మనిషి నడుస్తున్నాడు.

తెల్లవాడు. ఆస్ట్రియా నుంచి వచ్చినవాడు. పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1939లో ఈ దేశంలో ఉండగా యుద్ధం ముంచుకొచ్చింది. చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. ఇంగ్లీషువాళ్ల కళ్లకి శత్రుదేశస్థుడు. హైదరాబాదు రాజ్యం దాటి కదలకూడదన్నారు. కట్టడిలో పడ్డ మనిషి ఏం చేస్తాడు? ఈయన భార్య బెట్టీతో కలిసి అడవి పట్టాడు. 1940లో చెంచులు. 1941లో పాపికొండల కొండరెడ్లు. గోదావరి అప్పట్లో సరిహద్దు. కుడి ఒడ్డు నిజాంది, ఎడమ ఒడ్డున భద్రాచలం తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీది. కొండల మధ్య నది ఇరుకై, నల్లగా, లోతుగా పారుతోంది. పడవ దిగి ఎక్కితే నిట్టనిలువు చరియలు, చరియ మీద నాలుగు గుడిసెలు.

ఆయనా రాసుకున్నాడు. తవ్వుకోలతో నేల పొడిచి విత్తనం ఎలా వేస్తారో. జీలుగు కల్లు ఎలా గీస్తారో. గింజ లేని నెలల్లో మామిడి జీడి ఎలా తింటారో. వెదురు కూపుల్లో షావుకార్ల పనికి పోయి ఎలా చితికిపోతున్నారో. దేవుడి పాట పక్కనే అప్పుల లెక్క. నూట పదేళ్ల కిందటి చెన్నపట్నం దుబాసీకీ, ఈ ఆస్ట్రియా పండితుడికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు. అయినా ఇద్దరి రాతలో పట్టు ఒకటే: చూసింది, చూసినచోటే రాయడం. 1945లో లండన్‌లో మాక్మిలన్ కంపెనీ ఆ రాతని పుస్తకం చేసింది. ఖమ్మం, భద్రాచలం అడవి చివరికి అట్టల మధ్యకి చేరింది. ఇంగ్లీషులో. సముద్రాల అవతల.

ఆ తర్వాత గీతలు మారాయి. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా అయింది. 1959లో భద్రాచలం అందులో కలిసింది. 2014లో రాష్ట్రం రెండయింది. భద్రాద్రి గుడి తెలంగాణలో ఉంది. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, వేలేరుపాడు, కుక్కునూరు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి. పోలవరం ప్రాజెక్టు కోసం. ఈసారి మారేది గీత ఒక్కటే కాదు. ప్రాజెక్టు నిండితే నీళ్లు వెనక్కి తన్ని, హైమెన్‌డార్ఫ్ నడిచిన నదీతీరాన్నే కమ్ముకుంటాయి. కోయ గూడేలు, కొండరెడ్ల గూడేలు ఇళ్లు విప్పుకుని కాలనీలకి కదలాలి. ఏ వాగు ఒడ్డున ఏ వేల్పు కొలువుందో, ఏ రేవులో ఏ పడవ ఆగేదో, ఏ చెట్టు కింద సంత జరిగేదో చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కాలం మాత్రం ఆగదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఈ గడ్డ మీద కాగితానికి కరువు లేదు. భద్రాచలానికి నది అవతల సారపాకలో 1979 నుంచి పేపరుబోర్డు మిల్లు నడుస్తోంది. ఖమ్మం రైతులు పొలాల్లో వేసిన జామాయిల్, సుబాబుల్ లారీల మీద అటే పోతాయి. పుస్తకం అట్టకి కావలసిన సరుకు ఈ నేల మీద మొలుస్తోంది. కుట్టడానికి కావలసినవి కూడా పల్లెలో దొరికేవే. దబ్బనం. సూది. మైనం రుద్దిన గట్టి నూలు దారం. పురుగు పట్టకుండా చిటికెడు మయిలుతుత్తం కలిపి ఉడికించిన మైదా జిగురు, పిల్లల చేతికి అందకుండా దూరంగా. కాగితాలు మధ్యకి మడిచి, మడత మీద అయిదు బెజ్జాలు పొడిచి, నడిమి బెజ్జంలోంచి మొదలుపెట్టి మళ్లీ నడిమికే వచ్చి ముడేస్తే చాలు, ఒక ఫారం నిలబడుతుంది. బడి పిల్లలు ఒక్క పూటలో నేర్చుకుంటారు.

కొరత ఉన్నది పిళ్లెలకి. రాసి పంపమని అడిగేవాళ్లకి. వచ్చిన ఉత్తరం దాచి, వరస పెట్టి, గొంతు చెడకుండా కాపాడి, ఫారం మీద ఫారం పేర్చేవాళ్లకి. శివరావు గారిలా నూరేళ్ల తర్వాత తెగిన దారం చూసి ఊరుకోనివాళ్లకి. శ్రీనివాస పిళ్లె ఆ రోజు ఆ కట్టని పెట్టెలో పెట్టి మూసేసి ఉంటే, తెలుగువాడు 1830లో ఈ దేశాన్ని ఎలా చూశాడో చెప్పే ఈ గొంతు మనకి దక్కేది కాదు. 1973లో ఇంగ్లీషులోకి వెళ్లేదీ కాదు.

చింతూరులోనో వేలేరుపాడులోనో ఇవాళ ఒక మాస్టారు తరగతి గదిలో అడగొచ్చు. మీ తాత నడిచిన దారి, ఆయన మాటల్లోనే, రాసుకురండి. తేదీ, ఊరు, వాగు, రేవు, దూరం. తాత కోయలో చెబితే కోయలోనే, తెలుగు లిపిలో. దిద్దొద్దు. ఆ కాగితాలు తెచ్చినరోజే మడవండి, కుట్టండి, ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి ఊరి లైబ్రరీలో పెట్టండి. కాలనీకి కదిలే లారీలో మంచం, గిన్నెలు, కోళ్ల గంపతో పాటు ఆ పుస్తకానికీ చోటుంటుంది. నీళ్లు రాకముందే చేయాల్సిన పని అది.